బూచోడా, రారా!

పాప మూతి బిగించింది.

అమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. జ్వరం తగ్గినా పిల్ల కోలుకోలేదు. కడుపులోకి తిండి పోకపోతే మళ్ళీ ఆసుపత్రే అని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు.

"తినవా? ఉండు, పిలుస్తా."

ఆమె గోడవైపు తిరిగి గొంతెత్తింది. "ఒరేయ్ బూచోడా! రారా, వచ్చి ఈ అన్నం తినిపో!"

గోడ అవతల నుంచి గుర్రుమని ఓ మూలుగు.

పాప నోరు గభాలున తెరుచుకుంది.

మొదటిసారి ఆ చప్పుడుకి అమ్మకే గుండె ఝల్లుమంది. పక్క వాటాలో ఓ ముసలాయన ఒంటరిగా ఉంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. ఎండాకాలంలోనూ మెడకి మఫ్లరే. ఆయన కనబడితే పిల్లలు మెట్ల మీద పరుగో పరుగు.

అయితేనేం, పని జరుగుతోంది. రోజూ ఆమె పిలవడం, గోడ గుర్రుమనడం, పళ్ళెం ఖాళీ.

ఓసారి మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. పాపకేసి చూసి, అయిదు వేళ్ళూ కలిపి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అమ్మా, నన్ను తింటాడట!" పాప కెవ్వుమంది.

అమ్మ పిల్లను చంకనేసుకుని ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

పాప బుగ్గలు నిండాయి.

ఓ సాయంత్రం ఎంత పిలిచినా గోడ పలకలేదు.

మర్నాడు పక్క వాటా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఓ పెద్దావిడ మఫ్లర్లు మడతపెడుతోంది.

"మా తమ్ముడమ్మా. నిద్రలోనే పోయాడు" అంది. "గొంతు ఆపరేషనుతో మాట పోయింది, గుర్రుమనడమే మిగిలింది. చెవీ అంతంతమాత్రం. మీరు పక్కింట్లోనేనా?"

"అవునండీ."

పెద్దావిడ ఆమె చేతులు పట్టేసుకుంది. "మీరేనా తల్లీ! రోజూ వాణ్ణి అన్నానికి పిలిచేవారటగా?"

అమ్మ గోడకేసి చూసింది.

"ఈ వయసులో నన్ను పేరుపెట్టి రారా అనేవాళ్ళు దొరికారక్కా అని మొన్న నేనొచ్చినప్పుడు సైగలతో చెప్పి మురిసిపోయాడు. గోడకి నోరానించి, వస్తున్నా అని అరిచేవాడట. మరి వెళ్ళవేంరా అన్నాను. మాటవరసకి పిలుస్తారు, వెళ్ళిపోతామా అన్నాడు. తిన్నావా అని సైగ చేస్తే మీ పాప జడుసుకుందని ఒకటే బాధ."

పెద్దావిడ మఫ్లరుతోనే కళ్ళు తుడుచుకుంది.

"అది సరేగానీ, మా అమ్మతోపాటే పోయిందనుకున్న ఆ ముద్దుపేరు మీకెవరు చెప్పారమ్మా?"

"ఏ... ఏ పేరండీ?"

"బుచ్చోడు."