బావ చెయ్యి

"మా ఆసుపత్రి మీ సెలూన్‌కిచ్చిన బీపీ మిషన్ని ఎవరూ వాడట్లేదు. వెనక్కిచ్చెయ్యండి," అంది నర్సు.

మంగలి కత్తెర బల్లమీద విసిరాడు. "ఊరందరూ తలలు నా చేతికిస్తారు సిస్టరమ్మా, బీపీకి చెయ్యి ఇమ్మంటే మాత్రం ఇవ్వరు! సొంత బావే ఇవ్వడు!"

కుర్చీలో ఉన్న బావ బస్సు డ్రైవరు. అద్దంలోంచే అన్నాడు: "మొన్న లారీ డ్రైవరుకి బీపీ చూసి, 'అమ్మో, రెండొందలు!' అని అరిచావు. పక్క కుర్చీలో వాళ్ల ఓనరు. మర్నాడే పనిలోంచి తీసేశాడు."

"వాడి మంచికే కదా బావా!"

"ఆ మంచేదో వాడి చెవిలో చెప్పాల్సింది."

మంగలి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

బావ చొక్కా చెయ్యి మడిచాడు.

మిషన్ మీద అంకె పడగానే మంగలి నోరు తెరిచాడు. వెంటనే మూసుకుని, బావ చెవి దగ్గరికి వంగాడు.