అరిగిన అంచులు

"ఎవరూ బల్ల కదపకండి," అన్నాడు రాళ్లు పరీక్షించే పెద్దాయన.

ముగ్గురూ కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. అత్తగారు ఒక పక్క, కొడుకు మధ్యలో, కోడలు గోడ వారగా. దీపం కింద ఉంగరం ధగధగలాడుతోంది. ముప్పై ఏళ్లు అత్తగారి వేలిని వదలని వజ్రపుటుంగరం. వేళ్లు వాచాయని మూడు నెలల కిందట తీసి బీరువాలో పెట్టింది. నిన్న సైజు పెంచమని దుకాణానికి తీసుకెళ్తే, అక్కడివాడు రాయిని అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు. అంతే, ఇల్లు అట్టుడికిపోయింది.

"బీరువా తాళాలు ఎవరి దగ్గరుంటాయో అడగరా," అంది అత్తగారు.

"ముందు ఆయన్ని చూడనీ అమ్మా."

"దాని తమ్ముడి ఆపరేషన్‌కి అంత డబ్బు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో, అదీ అడుగు."

"మా అమ్మ గాజులు అమ్మిందని చెప్పాను కదా అత్తయ్యా." అంది కోడలు.

పొద్దున బయల్దేరేటప్పుడు భర్త ఒక్కటే మాట అన్నాడు, నువ్వే వజ్రం తీశావని తేలితే మళ్లీ ఈ గడప తొక్కకు అని. అన్నంత పనీ చేసే మనిషి. ఇప్పుడు ఆమె కాపురమంతా ఈ ముక్కూ మొహం తెలియని పెద్దాయన నోటి మాట మీద వేలాడుతోంది.

ఆయన కలంలాంటి పరికరం మొనను రాయికి ఆనించాడు. మొన వజ్రానికి తగిలితే అది కూత పెట్టాలి. పెట్టలేదు. మరోసారి ఆనించాడు. ఉహూఁ.

"వజ్రం కాదమ్మా. సీజెడ్ రాయి. ఫ్యాక్టరీ సరుకు."

"విన్నావా!" అత్తగారు లేచి నిలబడింది. "మూడు నెలల్లో నా కొంప ముంచింది!"

భర్త తల తిప్పి భార్యని చూశాడు.

"తొందరపడకండి, నా పని ఇంకా అవలేదు," అంటూ పెద్దాయన భూతద్దం కంటికి బిగించాడు. రాయిని ఒక్కో వైపూ తిప్పి చూశాడు. చివరికి తలెత్తాడు.

"ఈ అమ్మాయి మీ ఇంటికొచ్చి ఎన్నేళ్లయింది?"

"రెండేళ్లు."

"అయితే పాపం, ఈమెను ఆడిపోసుకోకండి. అంచులు చూడండి. కొత్త రాయికి కత్తి వాదరలా ఉంటాయి. వీటికి పదును చచ్చిపోయి, ఒళ్లంతా గీతలు. వజ్రం ఇలా అరగదు. దాన్ని గీయాలంటే మళ్లీ వజ్రమే కావాలి. ఇది దానికంటే మెత్తన. గిన్నెలకీ గోడలకీ దుమ్ముకీ రాసుకుని రాసుకుని ఇలా అయింది. ఎంత లేదన్నా ఇరవై ఏళ్లు వేలికి ఉన్న రాయి."

"అంటే?" అన్నాడు భర్త.

"మొదట్నుంచీ ఇదే ఉండుంటుంది బాబూ. ఎప్పుడైనా పరీక్ష చేయించారా?"

"ఎందుకు చేయిస్తానండీ, మా ఆయన పెట్టింది..." అత్తగారి మాట అక్కడే ఆగిపోయింది. కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది. "పోయే ముందు కూడా ఉంగరం జాగ్రత్తే అన్నారు. ఇన్నేళ్లూ నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట."

ఎంత గొడవైనా గొంతు తగ్గించని మనిషి, ఆ మాట తనలో తను అనుకున్నట్టు అంది. కోడలు భోరుమంది. పరుగున వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది.

"మామయ్యగారిని ఏమీ అనుకోకండి అత్తయ్యా. ఆయనకేం తెలుసు? ఆయన ఎవరినీ మోసం చేసే మనిషి కాదు."

"నిన్ను అన్నన్ని మాటలన్నాను. నువ్వేమో ఆయన్ని వెనకేసుకొస్తున్నావు." అత్తగారు ఆమె తల నిమిరింది. "తప్పయిపోయిందే తల్లీ."

భర్త మొహం చెల్లక నేల చూపులు చూస్తూ భార్య చెయ్యి పట్టుకుని లేపాడు. ఉంగరం నాకొద్దంది అత్తగారు. కోడలే దాన్ని కాగితంలో చుట్టి తీసుకుంది. కోడలి భుజం ఆసరాతో పెద్దావిడ ఒక్కో మెట్టూ దిగింది. దారి పొడుగునా ఇద్దరికీ కళ్లు తుడుచుకోవడమే సరిపోయింది.

తమ్ముడి ఆపరేషన్ కోసం అమ్మేసే ముందు, ఆ అసలు వజ్రంతోనే కోడలు ఈ రాయి అంచులన్నీ అరగదీసింది.