ఒక్క ఇంటి సందేహం

తీర్పుకు ముందు ప్రతి కేసునూ డాక్యుమెంటరీగా ఇంటింటి గోడమీద వేసే రోజులవి. అది చూసి ప్రతి ఇల్లూ ‘దోషి’ అనో ‘సందేహం’ అనో చెప్పాలి. ఒక్క ఇల్లు సందేహించినా మర్నాడు మళ్ళీ వేస్తారు.

నలభై రోజులుగా ఆ ఒక్క ఇల్లూ తాయారమ్మదే. హత్యకు గురైన ఆమె చెల్లెలు వకుళ గోడమీద నవ్వుతూ పూలు కడుతోంది.

“వాడే చంపాడని నీకూ తెలుసు కదే,” అన్నాడు భర్త శేషాద్రి.

“తెలుసండీ. కానీ దోషి అంటే రేపట్నుంచి ఇది కనబడదు.”

“ఇవాళ చెప్పే వంతు నాది. నామం పెట్టుకున్న మొహంతో అబద్ధమాడలేను.”



“అక్కా, అటు తిరుగు, జడలో పెడతాను,” అంది గోడమీది వకుళ.

తాయారమ్మ గోడవైపు వీపు తిప్పి కూర్చుంది.

శేషాద్రి ఉత్తరీయంతో నామం తుడుచుకుని, “సందేహం,” అన్నాడు.