చుక్కల రాయి

ఫిబ్రవరి పదహారు, సోమవారం. పొద్దున సర్వపిండి తిని చేతులు కడుక్కోకముందే మొగుడూ పెళ్లాల నడుమ రాయి పంచాయితీ మొదలైంది.

"గా రాయి వాపస్ పంపు," అన్నాడు శ్రావణ్.

"పంప," అంది జ్యోతిరాణి.

రాయి వాకిట్లో గోడకు ఆనించి ఉంది. వంటింటి గట్టు మీద పరచడానికని నిన్న సాయంత్రం కరీంనగర్ నుంచి ట్రాలీ ఆటోలో దిగిన క్వార్ట్జ్ పలక. బూడిదరంగు మీద సన్నటి తెల్ల చుక్కలు చల్లినట్టుంటుంది. షాపులో నలభై రకాలు చూసి, జ్యోతిరాణి దాని మీదే వేలు పెట్టింది.

"గ్రానైట్ ఏస్కుందాం. మన గుట్టల రాయి, దేశదేశాలు పోతది. పొయ్యి మీది గిన్నె దించి పెట్టినా దానికేం గాదు. గీ క్వార్ట్జ్ మీద పెట్టి సూడు, మచ్చ పడ్తది."

"గిన్నె కింద చెక్క పెడ్త. నీ గ్రానైట్ పసుపు తాగుతది, నూనె తాగుతది. మా అవ్వోళ్ల ఇంట్ల సూస్తలేనా? గిదైతె ఒక్కపారి తుడిస్తె సాలు."

"అరె, చెప్తె ఇనవేందే?"

"ఎందుకినాలె? తొమ్మిదేండ్ల సంది దుబాయ్‌ల ఉండి ఫోన్ నిండ ఫోటోలు పంపితివి. గీ వంటిల్లు నేనే చేసిన, గీ రాయి నేనే కోసి బిగిచ్చిన అంటివి. పరాయి ఆడోళ్లకు మంచిగున్న రాయి నీ పెండ్లానికి పనికి రాకపాయె!"

శ్రావణ్ పలక అంచును వేలితో తడిమి చూశాడు. రెండు నెలల సెలవని వచ్చి పన్నెండు రోజులైంది. వచ్చిన కాడి నుంచి అదో తీరుగా ఉన్నాడు. డాబా మెట్లెక్కుతూ నడుమ రెండుసార్లు కూర్చుంటున్నాడు. రాత్రిపూట గోడకు ఆనుకునే కునుకు తీస్తున్నాడు. ఏసీ మరిగిన ఒళ్లని జ్యోతిరాణి ఎగతాళి చేస్తే, నవ్వి ఊరుకున్నాడు.

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అత్త రామవ్వ తలెత్తింది. "రాయేదైతేందే, కూర ఉడుకుతె సాలు. మీ పంచాయితీల నా చాయ సల్లారిపాయె."

"నువ్వూకో అత్తా." జ్యోతిరాణి పీట తెచ్చి పలక ముందర వేసుకుని కూర్చుంది. "గీ రాయి వాపస్ పోతె, అదే ట్రాలీల నేను సుత మా అవ్వగారింటికి పోత. ఇద్దరికి ఒక్కటే కిరాయి."

శ్రావణ్‌కు నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. మొహం పక్కకు తిప్పుకుని, దగ్గు ఆగేదాకా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

అంతలో రాళ్లు కోసే మొగిలి బండి మీద మిషిన్ పెట్టుకుని వచ్చాడు. అతనూ, వెంట తెచ్చుకున్న ఇద్దరూ కలిసి పలకను వంటింట్లోకి మోశారు. కింద అంచు పగలకుండా శ్రావణ్ పాత గోనెసంచి మడిచి పెట్టాడు. వద్దన్న రాయికి కూడా అంత పైలంగా సంచి పెట్టడం చూసి జ్యోతిరాణి మనసు కొంచెం కరిగింది. కానీ మాట కరగలేదు.

"సింకు బొక్క ఎక్కడ కొయ్యాలె వదినా?"

"కిటికీ ముంగట."

మొగిలి పెన్సిల్‌తో గీత గీసి మిషిన్ ఆన్ చేశాడు. చెవులు చిల్లులు పడే చప్పుడు. తెల్లటి పొడి పొగలా లేచి వంటింటిని నింపింది. శ్రావణ్ విసురుగా లోపలికి వచ్చి ప్లగ్గు పీకేశాడు.

జ్యోతిరాణి మళ్లీ పెట్టింది.

శ్రావణ్ మళ్లీ పీకాడు. పీకిన ప్లగ్గు చేతిలోనే పట్టుకుని మొగిలితో అన్నాడు. "కోస్తె కొయ్యి తమ్మీ. నీళ్లు పోస్కుంట కొయ్యి. ముక్కుకు గుడ్డ కట్టుకో."

మొగిలి కనుబొమలు తెల్లబడి ముసలివాడిలా ఉన్నాడు. పకపకా నవ్వాడు. "ఏం గాదన్నా! గిది పిండి లెక్క. పొద్దుమీకి తానం చేస్తె పోతది. నీళ్లు పోస్తె ఇల్లంత బురదైతది, వదిన నన్ను తిడ్తది."

"నేను సుత గట్లనే అనుకున్న," అన్నాడు శ్రావణ్ మెల్లగా.

జ్యోతిరాణికి ఒళ్లు మండిపోయింది. "గిన్ని సాకులెందుకు? పదిమంది ముంగట ప్లగ్గు పీకి నా ఇజ్జత్ తీస్తవా? తొమ్మిదేండ్లు గీ ఇల్లు నేనొక్కదాన్నే ఈదిన. నా వంటింట్ల నాకు నచ్చిన రాయి ఏస్కుంట. ఎందుకద్దో కారణం చెప్పు, లేకుంటె పక్కకు జరుగు!"

శ్రావణ్ ఆమె మొహంలోకి చూశాడు. ప్లగ్గు కిందపెట్టి అర్రలోకి వెళ్లాడు. వచ్చినప్పటి నుంచి తాళం తియ్యని సూట్‌కేసు తెరిచిన చప్పుడైంది. పెద్ద ఖాకీ కవరుతో తిరిగి వచ్చాడు. అందులోంచి నల్లటి షీటు ఒకటి జానెడు మేర బయటికి లాగి, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు.

బూడిదరంగు. దాని మీద చల్లినట్టు సన్నటి తెల్ల చుక్కలు.

జ్యోతిరాణికి ఏమీ అర్థం కాలేదు. మొగిలి మాత్రం కళ్లలో పడ్డ పొడి తుడుచుకుని, దాని వంకా గట్టు మీది పలక వంకా చూసి సంబరపడ్డాడు.

"మస్తున్నదన్నా! వదిన తెచ్చిన దానికి అచ్చం జోడి. గీ చుక్కల రాయి ఎక్కడ దొరికింది?"

శ్రావణ్ షీటు మొత్తం బయటికి లాగాడు. వరుసగా పక్కటెముకలు కనిపించాయి.

"నా ఛాతీల, తమ్మీ."