గుడాల కోసం వచ్చే ఆయన

బక్కయ్య పోయిన నెలకు ఇంట్లో మళ్లీ శనివారం భజన పెట్టారు. ఆ రోజే ఆయన చిడతలు కనిపించకుండా పోయాయి.

కొత్తపేటలోని ఆ ఇంటి ముందు గదిలో ఇరవై ఏళ్లుగా హనుమంతుడి భజన జరుగుతోంది. భజన అయ్యాక బక్కయ్య చిడతలు పటం ముందు పెట్టేవాడు. అందరి చేతుల్లోకీ ప్రసాదంగా ఉడికించిన శనగలు, గుడాలు వచ్చేవి. అప్పుడు ఆయన కథ మొదలయ్యేది.

ప్రతివారం ఒకటే కథ.

నల్లగొండలో కబడ్డీ ఫైనల్. రెండు జట్లకూ పాయింట్లు సమానం. చివరి కూత బక్కయ్యది. వెనక్కి వస్తూ ఎదుటి జట్టు కుర్రాడి మడమను వేలికొసతో తాకాడు. రెఫరీ చూడలేదు. పాయింటు లేదన్నాడు.

అప్పుడు ఆ కుర్రాడు తనంతట తానే చెయ్యెత్తి, గీత దాటి బయటికి నడిచాడు.

"గా ఒక్క పాయింటుతోనే నాకు ఆటల కోటాల నౌకరొచ్చింది. గీ ఇల్లు, నా బిడ్డ చదువు, అన్నీ గా పిలగాడు చెయ్యెత్తంగ వచ్చినయే. పేరన్న అడగలే నేను."

అక్కడితో కథ ఆపి బక్కయ్య నీళ్లు తాగేవాడు.

వినేవాళ్లలో ఒక ముసలాయన ఉండేవాడు. ఏడాదిగా వస్తున్నాడు. భజన సగమయ్యాక వచ్చి గడప పక్కన కూర్చునేవాడు. పాట అందుకోడు, చప్పట్లు కొట్టడు. గుడాలు తిని వెళ్లిపోతాడు.

"మనకు హనుమంతుడు దేవుడు. ఆయనకు గుడాలే దేవుడు," అని డోలక్ వాయించే వెంకటనర్సయ్య నవ్వేవాడు.

ఆ శనివారం కూడా ముసలాయన వచ్చాడు. గుడాలు చేతికిచ్చినా తినలేదు. బక్కయ్య కూతురు అరుణజ్యోతి వైపు చూశాడు.

"ఈయాల కథ చెప్పరా బిడ్డ?"

కథ చెప్పే మనిషి గోడ మీద దండ వేసిన ఫొటోలో ఉన్నాడు. అరుణజ్యోతి ఆ ఫొటో వైపు చూసింది. అప్పుడే పటం దగ్గర్నుంచి తల్లి అండాలమ్మ, చిడతలు ఏవని అడిగింది.

అరల్లో, మంచం కింద, పూజ సామాన్ల వెనక వెతికారు. లేవు.

వెంకటనర్సయ్య గడప వైపు చూశాడు. ముసలాయన ఒళ్లో గుడ్డసంచి ఉంది.

అరుణజ్యోతి మీర్‌పేట్ బడిలో టీచరు. ఏదైనా పోతే పిల్లల సంచులు చూడటం ఆమెకు అలవాటైన పని.

"జర మీ సంచి చూపిస్తరా?"

గౌరవంగానే అడిగింది.

ఆయన ఒక్కొక్కటీ తీసి నేల మీద పెట్టాడు. టార్చిలైటు. టిఫిన్ డబ్బా. మోకాలికి కట్టుకునే పట్టీ. ఖాళీ సంచిని తిరగేసి దులిపాడు కూడా. తర్వాత అన్నీ సర్దుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

గుడాల దొన్నె గడప దగ్గరే ఉండిపోయింది.

మరునాడు అరుణజ్యోతి కూతురు అఖిల సూర్యాపేటలో కబడ్డీ పోటీలు ఆడి ఇంటికొచ్చింది. బట్టల బ్యాగు తెరవగానే చిడతలు గల్లుమన్నాయి.

"తాతవి కదా అని తీస్కపోయిన. బెంచీ మీదున్నోళ్లు కొట్టిన్రు, మస్తు జోష్ వచ్చింది."

"గెల్చిన్రా?" అని అడిగింది అండాలమ్మ.

"ఒక్క పాయింటుతో ఓడినం." అఖిల తల దించుకుంది. "వాళ్ల పిల్ల నన్ను తాకింది. రెఫరీ చూడలే. నేనే చెయ్యెత్తిన అమ్మమ్మా. మా కెప్టెన్ నాతోని మాట్లాడుతలేదు."

అండాలమ్మ మనవరాలిని దగ్గరికి తీసుకుంది. అరుణజ్యోతి చిడతలు తీసి పటం ముందు పెట్టింది.

తర్వాతి శనివారం ముసలాయన రాలేదు. ఆయన వాటా గుడాలు విడిగా తీసి ఉంచింది అండాలమ్మ.

"దేవుని ముందట కూసున్న మనిషి సంచి విప్పించినం. పొయ్యి తప్పైందని చెప్పు బిడ్డ."

చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్ గేటు దగ్గర ఆయన్ని చూసినట్టు వెంకటనర్సయ్య చెప్పాడు. ఆదివారం పొద్దున గుడాల డబ్బాతో అరుణజ్యోతి అక్కడికి వెళ్లింది.

గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడు. హాస్టల్ నడిపే లలితకుమారి బయటికి వచ్చింది.

"మట్టయ్యగారా? మంగళవారం ఊరెళ్లిపోయారండి. మోకాళ్ల నొప్పులు, ఇక పని చెయ్యలేనన్నారు. ఫోను కూడా కలవట్లేదు."

ఏ ఊరో ఆమెకు తెలియదు. నల్లగొండ వైపని మాత్రం తెలుసు.

అరుణజ్యోతి తానెవరో చెప్పి, శనివారం భజన సంగతి ఎత్తింది.

"ఓ, ఆ ఇల్లు మీదేనా? ఒకరోజు రైతుబజారుకు వెళ్లి వస్తూ భజన వినబడితే ఆగారట. అప్పట్నుంచి శనివారం రెండు గంటలు సెలవడిగేవారు. అంత భక్తా అంటే, 'భక్తి కాదమ్మా, ఆడొకాయన నా ముచ్చట చెప్తడు, ఇని ఒస్త' అనేవారు."

"ఆయన ముచ్చటనా?" అంది అరుణజ్యోతి.

"కుర్రతనంలో కబడ్డీలో చెయ్యెత్తారటగా. కప్పు పోగొట్టాడని ఊరంతా ఏళ్ల తరబడి తిట్టిందట. దాన్ని మంచిపని అన్నది మీ నాన్నగారొక్కరేనట."

"మరి నేనే అని మా నాయనకు ఎందుకు చెప్పలేదు?"

"నేనూ అడిగానండి. 'నేనని తెలిస్తే ఇగ గట్ల చెప్పడమ్మా' అన్నారు."

గుడాల డబ్బా మూత తియ్యకుండానే అరుణజ్యోతి ఇంటికి తిరిగొచ్చింది.

ఇప్పుడు శనివారం కథ అఖిల చెబుతోంది. తాత చెప్పినట్టే చెబుతుంది కానీ, 'గా పిలగాడు' అన్నచోట 'మట్టయ్య తాత' అంటుంది. గడప పక్కన ఒక దొన్నె పెట్టే ఉంటుంది.

ఆనాడు చెయ్యెత్తిన మనిషి చేత సంచి విప్పించినందుకు, క్షమించమని అడగడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.