ముందు సీటు బెల్టు

షాలిమార్ గూడ్స్ యార్డు పక్క సందులో, చీకటి పడ్డాక టైరు పంక్చరైంది. పోలిరాజు కారుని కుడివైపు గోడకి ఆనించి ఆపి, పక్క సీటు మీదుగా ఎడమవైపు దిగాడు.

"మెకానిక్‌ని తీసుకొస్తానక్కా. ఏసీ ఆపలేదు."

"నన్నొక్కదాన్నీ వదిలేసి పోతావేటిరా?"

"గేరేజీకి పోతన్నాను గానీ కాశీకి కాదే!"

తమ్ముడు మలుపు తిరిగేదాకా మహాలక్ష్మమ్మ వెనక సీట్లోంచి చూస్తూనే ఉంది. తర్వాత తానూ దిగుదామని పక్కనున్న తలుపు లాగింది. రాలేదు. మనవల కోసం వెనక తలుపులకీ అద్దాలకీ వేసిన లాకు తీయడం వాడు మరిచిపోయాడు. ఇక బయటికి దారి ముందు సీటు మీదుగానే.

అంతలో డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. టింగ్, టింగ్. డ్రైవరు పక్క సీట్లో కూర్చున్న మనిషి బెల్టు పెట్టుకోకపోతే ఆ కారు చేసే గోల అది. సీట్లో ఎవరూ లేరు.

వాన తేమకి పాడై ఉంటుందనుకుంది. మోత భరించలేక ముందుకి వంగి, ఖాళీ సీటుకి అడ్డంగా బెల్టు లాగి బిగించింది. మోత ఆగిపోయింది.

బెల్టు మాత్రం సీటుని అంటుకోలేదు. ఎవరిదో పొట్ట మీద ఆనినట్టు ఉబ్బెత్తుగా నిలబడిపోయింది.

ఫోను మోగింది.

"అక్కా, వచ్చేస్తన్నాం. జాకీ ఎత్తాలంట. నువ్వు ముందు సీట్లోకి జరిగి, దిగిపో."

బెల్టు మెల్లగా పైకి లేచింది. మెల్లగా దిగింది. మళ్లీ లేచింది.