పెడలు మీద కాలు

చాసిస్‌కు తుప్పు, స్టీరింగు లూజు పాత జీపుకు వయసుతో వచ్చే జబ్బులే. పొద్దున్నే తనిఖీ ఉందని మెకానిక్ చీకటిపడ్డాక కూడా షెడ్డులోనే ఉండి ఆ రెండూ సరిచేశాడు. ఇక మిగిలింది బ్రేకు లైట్లే. పెడలు దగ్గర బావమరిది కూర్చుంటే వెనక తను చూడటం వాళ్లకు ఏళ్లనాటి అలవాటు.

"తొక్కరా" అన్నాడు వెనక గొంతుక్కూర్చుని. లైట్లు వెలిగాయి.

"వదులు." ఆరిపోయాయి.

ఎడమ లైటు మసగ్గా ఉందని బల్బు మార్చాడు.

"మళ్లీ తొక్కు. అలాగే ఉంచు."

షెడ్డు గోడ ఎర్రబడింది. ఇంతలో వీధి తలుపు కిర్రుమంది. రెండు టీ గ్లాసులతో బావమరిది లోపలికొచ్చాడు.

"కొట్టు దగ్గర ఆలస్యమైంది బావా. ఎవరితో మాట్లాడుతున్నావు?"

ఎర్రవెలుగు అతని ముఖం మీద నిలకడగా పడుతోంది. వదలమని మెకానిక్ ఇంకా చెప్పలేదు.